రేవు దాటిన పెట్టె

మా నాన్నగారు నన్ను గుండె డాక్టరుగా చూడాలనుకున్నారు. నేను కుష్ఠు డాక్టర్నయ్యాను. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు నా ఉద్యోగం సంగతి విని, ఇచ్చిన కాఫీ గ్లాసు ముట్టకుండా లేచి వెళ్ళిన రోజులున్నాయి. అంత పిరికివాళ్ళతో కాపురం తప్పిపోయినందుకు నేను సంతోషించాను తప్ప బాధపడలేదు. ఇప్పుడు ఈ శాఖలో చేరుతున్న పిల్లలకు ఆ భయం తెలియదు. మంచి మందులు వచ్చాయి, రోగం తగ్గింది, ఆశ్రమాలు చాలావరకు మూతబడ్డాయి. మీ అదృష్టం. కాని నేను చెప్పబోయే సంగతి మొత్తం ఆ భయం మీదే నిలబడి ఉంది, కాబట్టి దాన్ని కాస్త మనసులో పెట్టుకుని చదవండి. దయ్యాల కథ అనుకుంటే మీ ఇష్టం. నేను దయ్యాల్ని నమ్మను. అయినా ఆ పెట్టె తెరిచిన పొద్దు తలపుకు వస్తే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి.

తొంభైల మొదట్లో నన్ను రాజోలు వైపు కుష్ఠు నివారణ విభాగానికి వేశారు. ఆఫీసు జీపు నడిచిన రోజులకంటే మూలుగుతూ షెడ్డులో పడుకున్న రోజులే ఎక్కువ. నాకు అసలైన వాహనం మా సూపర్‌వైజరు గారి మోపెడ్. ఆయన అమలాపురం మనిషి. ఏ రోగి ఇంటికి వెళ్ళినా ముందు మంచినీళ్ళడిగి తాగేవాడు, దాహం ఉన్నా లేకపోయినా. "మనం తాగితేనే కదా మేడమ్, పక్కింటోళ్ళు తాగేది" అనేవాడు. ఆ లెక్కన ఆయన తాగిన నీళ్ళు ఒక పంట కాలవకు సరిపోతాయి.

మా పరిధిలో గోదావరి పాయ మధ్య ఒక లంక ఉండేది. ఊరి రేవులో నిలబడితే ఆ లంక కొబ్బరిచెట్లు కనపడతాయి. చాలా ఏళ్ళ కిందట కేరళ నుంచి వచ్చిన ఒక సిస్టరు గారు అక్కడ కుష్ఠు రోగులకు ఆశ్రమం పెట్టారు. ఒంటి మీద మచ్చలు బయటపడినవాళ్ళను ఇంట్లోవాళ్ళే పడవెక్కించి అక్కడ దించి వచ్చేవారు. ఒకసారి దిగినవాళ్ళు మళ్ళీ రేవు దాటి ఊళ్ళోకి రావడానికి లేదు. అది ఎవరూ రాసిన చట్టం కాదు, అందరికీ తెలిసిన కట్టుబాటు. డెబ్భైల్లో, వరదల కాలంలో, సిస్టరు గారు ఆ లంకలోనే చనిపోయారు. పెట్టెలో పెట్టి పడవ మీద తెచ్చి ఊళ్ళో చర్చి గుడి పక్కన సమాధి చేశారు.

నేను వెళ్ళేసరికే ఆ సమాధి చిన్న తీర్థమైపోయింది. పైన చలువరాయి, చుట్టూ ఇనుప కటకటాలు. వచ్చేవాళ్ళలో ముప్పాతిక మంది హిందువులే. ఆవిడను మందులమ్మగారు అనేవారు. తోటలో చెట్టు తొలికాపుకు వస్తే మొదటి గెల ఆవిడకే. కొబ్బరి బొండం చెక్కి ఆ నీళ్ళు సమాధి తలవైపు పోసి మొక్కుకోవడం ఆనవాయితీ. అందుకేనేమో ఎండాకాలంలో కూడా అక్కడ నేల చిత్తడిగా ఉండి, తియ్యగా పులిసిన వాసన వేసేది. సిస్టరు గారు పోయిన రోజున ఏటా పెద్ద గుంపు చేరేది. ఆ రోజు లంక నుంచి ఒక ముసలాయన వచ్చి, గేటు లోపలికి రాకుండా, బయట గోడ పక్కనే పొద్దస్తమానం నిలబడేవాడు. నా దగ్గరే మందులు వాడి రోగం నయమైన మనిషి. లోపలికి వెళ్ళవచ్చు కదా తాతా అంటే, "ఇక్కణ్ణుంచి కనపడుతుందండి" అనేవాడు. మేమందరం ఆయన్ని లంక తాత అనేవాళ్ళం.

రెండువేల సంవత్సరం దాటాక, ఆ సిస్టరు గారిని పునీతురాలిగా, అంటే సెయింటుగా, ప్రకటించాలని చర్చి పెద్దలు విచారణ మొదలుపెట్టారు. అది మనం అనుకున్నంత తేలిక కాదు. ఆవిడ బతుకంతా జల్లెడ పడతారు. స్వస్థతలు జరిగాయంటే డాక్టర్లను కూర్చోబెట్టి అడుగుతారు. అన్నిటికంటే వింత నిబంధన ఒకటుంది: చర్చి ఔనన్నదాకా జనం ఆవిడకు పూజలు చేయకూడదట. కోనసీమ వాళ్ళకు చెప్పాలి ఆ మాట! విచారణకు వచ్చిన ఫాదర్‌గారు కటకటాల ముందు పోగుపడిన కొబ్బరి పీచు చూసి నెత్తి పట్టుకున్నారు.

వైద్య సలహాదారుగా ఆ మతం కాని డాక్టరు ఒకరు కావాలన్నారు. ఊళ్ళోని సిస్టర్ల మఠం పెద్ద మదర్‌గారు నా పేరు చెప్పారు. మదర్‌గారికి అప్పటికి అరవై దగ్గరపడ్డాయి. పూర్వం లంకలో సిస్టరు గారి దగ్గర శిష్యరికం చేసినావిడ. ఈ విచారణ కోసం ఏళ్ళ తరబడి తిరిగి, ఉత్తరాలు రాసి, చెప్పులరగదీసింది ఆవిడే. తన గురువుని పునీతురాలిగా చూసి కన్నుమూయాలని ఒకటే కోరిక. ఎప్పుడు కలిసినా సిస్టరు గారి వేళ్ళ గురించే చెప్పేవారు. "లేసు అల్లుతుంటే సూది కనపడేది కాదండి, వేళ్ళే కనపడేవి. కట్టు కట్టినా అంతే, ఆ వేళ్ళు తగిలితే పుండు నెప్పి తెలిసేది కాదు" అనేవారు.

మఠం వరండాలో సాక్షుల విచారణ జరిగింది. ఫాదర్‌గారు అడిగేవారు, పక్కన నేను కూర్చునేదాన్ని. బండారులంక నుంచి ఒక నేతపనివాళ్ళ ఆడపడుచు వచ్చింది. వరసగా కాన్పులు పోయి, చివరకు ఆ సమాధి దగ్గర నిద్రచేస్తే బిడ్డ నిలిచిందట.

"అమ్మగారు కలలోకొచ్చేరండి. నా పొట్ట మీద నిమిరేరండి" అంది.

"చేత్తోనే నిమిరారా?" అన్నారు ఫాదర్‌గారు, ప్రతిదీ ఖాయపరచుకునే అలవాటు కొద్దీ.

"చేత్తో కాదండి. మణికట్టుతో అండి. చేతులు గుడ్డలో చుట్టుకునున్నారు. చలేస్తోందేమో పాపం అనుకున్నానండి."

మదర్‌గారు నవ్వారు. కల కదా, తోచినట్టు వస్తుంది అన్నారు. తర్వాత అంతర్వేది వైపు నుంచి వచ్చిన పడవ మనిషి ఒకడు, అమ్మగారు తనను మోచేత్తో పొడిచి నిద్రలేపారనీ, లేకపోతే పడవతో సహా సముద్రంలోకి కొట్టుకుపోయేవాణ్ణనీ చెప్పాడు. ఇంకొకావిడ, అమ్మగారు మందు గ్లాసును రెండు అరచేతుల మధ్య అదిమి పట్టుకుని అందించారంది. వేళ్ళతో పట్టుకున్నారని ఒక్కరూ చెప్పలేదు. వీళ్ళంతా సమాధి దగ్గర కూర్చుని ఒకరి కల ఒకరికి చెప్పుకునే ఉంటారు, కల కూడా కళ్ళకలక లాగా అంటుకుంటుంది అని నేను ఫాదర్‌గారితో వేళాకోళమాడాను. ఆయన నవ్వలేదు.

చివరగా ఊళ్ళో పెద్ద ఆసామి ఒకాయన వచ్చారు. చెప్పుకోదగ్గ కొబ్బరితోటలున్న మనిషి, మాట మహా మెత్తన. సమాధి మీది చలువరాయి ఆయన వేయించిందే. ఆయన కొడుకు పడవ బోల్తాపడి గోదావరిలో కొట్టుకుపోయి, మర్నాడు ఒక ఇసుకతిప్ప మీద ప్రాణాలతో దొరికాడట.

"అబ్బాయి దొరకడానికి ముందు తెల్లారగట్ల కల వచ్చిందండి. అమ్మగారు మా గుమ్మం బయట నిలబడ్డారు. లోపలికి రండమ్మా, కూర్చోండి అన్నానండి. రానని తలూపేరు. అబ్బాయి వస్తాడన్నారు, అంతే. చేతులు కొంగు కింద దాచుకున్నారండి."

"కొంగేమిటి? సిస్టరు గారు వేసుకునేది తెల్ల గౌను కదా" అన్నారు ఫాదర్‌గారు.

ఆసామి తలూపి, "అవునండీ. కాని కొంగేనండి. నీలం అంచు" అన్నారు.

వరండా బయట ముసురు పడుతోంది. ఎందుకో ఆ పూట ఇంకెవరినీ పిలవలేదు.

సమాధి తెరవడం ఆ వానాకాలం వెళ్ళాక జరిగింది. అవశేషాలు ఆవిడవేనని డాక్టరు సమక్షంలో ఖాయపరచి, కొత్త పెట్టెలోకి మార్చాలి. అదీ తంతులో భాగమే. పొద్దున్నే గుడి గేటు మూసి, మా అందరి చేత ప్రమాణం చేయించారు. ఫాదర్‌గారు, మదర్‌గారు, నేను, సాయానికి మా సూపర్‌వైజరు గారు, ఇద్దరు తాపీ మేస్త్రీలు. చలువరాయి జరిపి, కింద ఇటుకల అర విప్పితే నీళ్ళు నిండి ఉన్నాయి. కోనసీమలో రెండు జానలు తవ్వితే నీళ్ళే కదా. ఆ నీళ్ళలో నల్లటి పెట్టె. బురదలో అన్నేళ్ళున్న చెక్క పొడిపొడి అయి ఉంటుందనుకున్నాను. చెక్కుచెదరలేదు. పైకి లాగి మూత పగలదీయడానికి మేస్త్రీలకు చెమటలు పట్టాయి. చుట్టూ తారు పట్టించి, జానెడేసి మేకులు దిగ్గొట్టి ఉంది.

లోపల పొడిగా ఉంది. చుక్క తడి లేదు. బొండం నీళ్ళ వాసన మాత్రం గుప్పున వచ్చింది, ఇప్పుడే ఎవరో పోసినట్టు.

తెల్ల గౌను మట్టిరంగు తిరిగి ఎముకలను అంటుకుని ఉంది. మెడలో సిలువ ఉంది. చేతులు రొమ్ము మీద కట్టి, మణికట్ల చుట్టూ జపమాల చుట్టారు. చేతులకు గుడ్డ చుట్టి ఉంది. మదర్‌గారు మోకాళ్ళ మీద కూర్చుని, "ఆ వేళ్ళు ఒక్కసారి చూపించండమ్మా" అన్నారు. నేను ఆ గుడ్డ విప్పాను. సగం నా చేతిలోనే పొడి అయింది.

వేళ్ళు లేవు.

ఊడి పెట్టెలో పడ్డాయేమోనని వెతికాను. పడలేదు. అరచేతి ఎముకలు చివరకు వచ్చేసరికి సన్నబడి, చెక్కిన పెన్సిళ్ళలా మొనదేలి ఉన్నాయి. కాళ్ళ దగ్గర గుడ్డ తీశాను. అక్కడా అంతే. పుర్రె వైపు చూశాను. ముక్కు కింది ఎముక అరిగిపోయి, ముక్కు రంధ్రం గుండ్రంగా, పెద్దగా తెరుచుకుని ఉంది. అలాంటి చేతులకు నేను నా ఉద్యోగమంతా కట్లు కట్టాను. ఎవరూ చెప్పక్కర్లేదు. మణికట్టుతో నిమిరేరండి అన్న బండారులంక అమ్మాయి గొంతు నా చెవి పక్కనే వినబడింది. భయపడ్డానా అంటే, భయపడ్డాను.

"ఇవి కుష్ఠు రోగి ఎముకలు" అన్నాను. "సిస్టరు గారికి ఆ రోగం వచ్చిందా?"

"రాలేదు" అన్నారు మదర్‌గారు. "పోయే ముందు రోజు కూడా నాకు జడ వేశారండి ఆ వేళ్ళతో."

చేతులు ఇలా అవ్వాలంటే ఏళ్ళు పడుతుందనీ, ఇది ఆవిడ కాదనీ చెప్పాల్సి వచ్చింది. చెప్పాను. ఫాదర్‌గారు గోడకు ఆనుకున్నారు. ఆ రోజు పెట్టెలో పెట్టింది ఎవరని మదర్‌గారిని అడిగారు.

"నేను చూడలేదండి. సిస్టరు గారికి బాగా లేదని డాక్టరు కోసం ఊళ్ళోకి వచ్చి, వరదకి ఇక్కడే చిక్కుకుపోయాను. మేకులు కొట్టిన పెట్టె రేవుకొచ్చింది. పెద్దరోగం లంక నుంచి వచ్చిన పెట్టె, మూత తీయడానికి వీల్లేదని ఊరివాళ్ళు అక్కడే అడ్డుపడ్డారు. అప్పటి ఫాదర్‌గారు కూడా దూరం నుంచే తీర్థం చల్లేరండి. నేను చిన్నదాన్ని. ఏమనగలను?"

మా సూపర్‌వైజరు గారు ఊడదీసిన మేకు ఒకటి చేతిలోకి తీసుకుని చూస్తున్నాడు. "మేడమ్, ఇవి పడవ మేకులండి. తారు కూడా పడవకి పట్టించినట్టే పట్టించేరు. లంకలో ఈ పని వచ్చినోడు ఒక్కడేనండి. తాత" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే మేమిద్దరం పడవ మాట్లాడుకుని లంకకు వెళ్ళాం. ఆశ్రమంలో అప్పటికి నలుగురైదుగురు ముసలివాళ్ళు మిగిలారు. గదుల తలుపులు గాలికి కొట్టుకుంటున్నాయి. తాత చెట్టుకింద ఒక చిన్న నావను బోర్లించి తారు పూస్తున్నాడు. అరిగిన వేళ్ళకు కుంచెను గుడ్డతో కట్టుకున్నాడు. మమ్మల్ని చూసి లేచాడు. మేమింకా నోరెత్తలేదు.

"పెట్టె తెరిచేరాండి?" అన్నాడు.

"తెరిచాం తాతా."

"మా మనిషి బాగుందాండి?"

ముప్పై ఏళ్ళు డాక్టరు పని చేశాను. రోగి ఎలా ఉన్నాడని అన్ని రకాలుగానూ అడిగించుకున్నాను. పోయిన మనిషి గురించి ఇలా మాత్రం ఎవరూ అడగలేదు. "బాగుంది. తడి చేరలేదు" అన్నాను. ఆయన ముఖం విప్పారింది. "తారు బాగా పట్టించేనండి" అన్నాడు.

మా సూపర్‌వైజరు గారు మంచినీళ్ళడిగాడు. తాత కుండలోంచి ముంచి ఇచ్చాడు. తర్వాత చూరు కింద కూర్చుని చెప్పుకొచ్చాడు.

"ఆ వరదలో అందరికీ విరేచనాలు పట్టుకున్నాయండి. పొద్దున్న మా మనిషి పోయింది. పొద్దుగూకేసరికి అమ్మగారు పోయేరు. అమ్మగారిని పంపించండని ఊళ్ళోంచి కబురొచ్చింది. ఆవిడ్ని పంపించేస్తే మాకేం మిగుల్తుందండి? మేం ఊళ్ళోకి రాకూడదు. ఆవిడ సమాధి చూసే భాగ్యం కూడా లేదు. అందరూ ఒకటే ఏడుపు. అప్పుడు నేనే అన్నానండి, అమ్మగారిని మన దగ్గరే ఉంచేసుకుందాం, మా మనిషిని పంపిద్దాం అని."

"నీ భార్యనా?"

"ఆయ్. దానిది ఆ ఊరేనండి. పెళ్ళీడుకొచ్చిన పిల్లకి మచ్చలొచ్చాయని వాళ్ళన్నయ్యగారు పడవ మీద తీసుకొచ్చి దించేరు. తగ్గేక వచ్చి తీసుకెళ్తానన్నారట. రాలేదు. ఇక్కడే అమ్మగారు మా ఇద్దరికీ పెళ్ళి చేసేరండి. ఇంటికెళ్ళాలి, ఇంటికెళ్ళాలి, పోయేదాకా అదే మాట. బతికుంటే రేవు దాటనివ్వరు. అమ్మగారి బట్టల్లో వెళ్తే దాటనిస్తారు కదండీ."

"దారిలో మూత తీస్తారని భయం వేయలేదా?"

తాత నన్ను జాలిగా చూశాడు. "మా లంక పెట్టె ఎవరు ముట్టుకుంటారండి?"

ఆయన లేచి మమ్మల్ని గట్టు అంచుకు తీసుకెళ్ళాడు. సిస్టరు గారి సమాధి ఎక్కడని అడిగితే చెయ్యి చాచి చూపించాడు. గట్టుకు చాలా దూరంలో, నీళ్ళలో, ఒక సుడి తిరుగుతోంది. "అక్కడేనండి. ఎనభయ్యారు వరదకి లంక అంతమేరా కోసుకుపోయింది. అమ్మగారు గోదాట్లో కలిసిపోయేరు" అన్నాడు. అలా చూస్తూ నిలబడ్డాం. ఎండ మండిపోతోంది. ఆ సుడి ఉన్నచోటే ఉంది, ముందుకు కదలలేదు.

ఆ అన్నగారు ఎవరని అడిగాను. చలువరాయి వేయించిన ఆసామేనని చెప్పాడు. చెల్లెలు ఎప్పుడో పోయిందని తప్ప, ఎక్కడ పూడ్చారో ఆయనకు తెలియదట. ఏటా తొలి గెల తెచ్చి, బొండం నీళ్ళు పోసి, దణ్ణం పెట్టి వెళ్తారు. తాత గేటు బయటినుంచి చూస్తుంటాడు.

"ఆయనకి ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"చెబితే తీసి పారేస్తారు కదండీ" అన్నాడు. తర్వాత నా ముందు చేతులు జోడించాడు. "ఆయన సంగతి మీరెవరికీ చెప్పకండి. ఒక్క సాయం చేయండి చాలు. దాన్ని మళ్ళీ ఇక్కడికి పంపించేయనివ్వకండి."

మాట ఇచ్చాను. ఆసామి పేరెత్తనన్న మాట ఇవ్వగలను. రెండోది నా చేతిలో లేదని తెలిసి కూడా ఇచ్చాను.

తాత ఫాదర్‌గారి ముందు ప్రమాణం చేసి అంతా చెప్పాడు, బావగారి సంగతి తప్ప. మదర్‌గారు విని, కొంగు లేని మనిషి కనక అరచేతులతో ముఖం కప్పుకున్నారు. ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదయ్యా అన్నారు. మీరు అడగలేదు కదండీ అన్నాడు తాత. పునీతురాలి విచారణ అక్కడితో ఆగింది. ఆ సమాధి దగ్గర జరిగిన స్వస్థతలు ఎవరి ఖాతాలో రాయాలో ఫాదర్‌గారికే కాదు, పైవాళ్ళకూ తెలియలేదు. ఇప్పటికీ తేలలేదని విన్నాను. ఆ కలల సంగతి నన్ను మాత్రం అడగకండి పిల్లలూ. నాకు తెలిసిన వైద్యంలో దానికి కారణం లేదు. కారణం ఉందని బుకాయించే వయసు దాటిపోయింది.

రహస్యం మేస్త్రీల ఇళ్ళలో రెండు పూటలు కూడా ఆగలేదు. ఆదివారం పూజ అయ్యేసరికి గుడి ముందు ఊరంతా ఉంది. ఎముకలున్న కొత్త పెట్టె గుడి పక్క గదిలో ఉంచారు. అందరికంటే ముందు ఆసామి నిలబడ్డారు, భుజాన ఉతికిన కండువాతో. మా గోదావరి జిల్లాలో మనిషిని వెళ్ళగొట్టినా మర్యాదగానే వెళ్ళగొడతారు.

"మాకెవరి మీదా కోపం లేదండి, ఫాదర్‌గారూ. తెలియక జరిగిపోయింది. ఆ అవశేషాలు ఏ లంక నుంచి వచ్చేయో ఆ లంకకే చేర్చేద్దారండి. మీకు శ్రమ లేకుండా పడవ కూడా మేమే మాట్లాడి రేవులో ఉంచేమండి."

ఎముకల నుంచి రోగం రాదని నేను చెప్పాను. గట్టిగానే చెప్పాను. "ఆయ్, మీరు చదువుకున్నారండి" అని నమస్కారం పెట్టారు. ఆ మాటతో నా చదువు పక్కన పెట్టేశారు. అంతలో ఆయనే దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి, "డాక్టరమ్మగారూ, ఇన్నేళ్ళు ఆ రాయి ముట్టుకుని కళ్ళకద్దుకున్నాం. మా ఇంట్లో పిల్లలకేమీ రాదు కదండీ?" అన్నారు. నా నాలుక చివరిదాకా వచ్చింది. ఇచ్చిన మాట గుర్తొచ్చి పళ్ళ బిగువున మింగాను. ఫాదర్‌గారు మదర్‌గారి వైపు చూశారు. ఆవిడ తల దించుకున్నారు. ఇంకో నిమిషం అయితే సరే అనేవారే.

అప్పుడు గేటు దగ్గర జనం పక్కకు జరిగారు. దారి ఇవ్వడానికి కాదు, తగలకుండా. తాత లోపలికి వస్తున్నాడు. నేనెరిగిన ఇన్నేళ్ళలో ఆయన ఆ గేటు దాటడం అదే మొదలు. వచ్చి ఆసామికి ఎదురుగా ఆగాడు.

"బావగారూ" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. ఆసామి ముఖం ఎర్రబడింది. "ఎవరయ్యా నువ్వు? ఎవరికి బావ?"

"మీ చెల్లెలి మొగుణ్ణండి. ఆ పెట్టెలో ఉన్నది మీ చెల్లెలండి. దాన్ని ఒకసారి మీరే పడవెక్కించేరు. రెండోసారి కూడా మీరే ఎక్కిస్తారాండి?"

ఆసామి భుజాన కండువా చేతిలోకి తీసుకున్నారు. "నీలం అంచు చీర" అన్నారు, ఎవరితోనో కాదు, తనలో తనే. "ఆ రోజు కట్టుకున్నది నీలం అంచు చీర."

ఆయన నా వైపు తిరిగారు. "తెరుస్తారాండి?" అన్నారు.

నేనూ, ఆయనా, తాతా గదిలోకి వెళ్ళాం. మూత తీసి, నేను కొత్తగా కట్టిన గుడ్డ విప్పాను. ఆసామి చాలాసేపు చూశారు. ముట్టుకోరనుకున్నాను. రెండు చేతులూ లోపలికి పెట్టి, మొనదేలిన ఆ ఎముకలను అరచేతుల్లోకి తీసుకున్నారు, చలికి వణికే చేతులను పట్టుకున్నట్టు.

"నా గురించి ఏమనేదండి?" అని అడిగారు తాతను. అండి అన్నారు.

"ఏమీ అనేది కాదండి. రేవు కనపడే గదే కావాలనేది. తలుపు వేయనిచ్చేది కాదు."

ఆ పెద్దమనిషి అక్కడే నేల మీద కూలబడి, పసిపిల్లాడిలా ఏడ్చారు. నేను బయటకు వచ్చేశాను. నాకూ ఆగలేదు.

మఠం వెనక సిస్టర్లను పూడ్చే స్థలంలో మదర్‌గారు తనకోసం ఉంచుకున్న చోటు ఇచ్చారు. పెట్టెను అన్నగారు ఒక పక్క, మొగుడు ఒక పక్క పట్టుకున్నారు. మా సూపర్‌వైజరు గారు వెనక పట్టాడు. బండారులంక అమ్మాయి బిడ్డను చంకనేసుకుని వెంట నడిచింది. రేవులో మాట్లాడి ఉంచిన పడవ మధ్యాహ్నం దాకా ఎదురుచూసి, ఖాళీగా వెళ్ళిపోయింది.